చెక్క వెనక్కి ఎందుకు తన్నింది: ఒక 12 అంగుళాల కోతబల్లను సరిచేసిన వివరం

గోదావరి జిల్లాల్లోని ఒక ఫర్నిచర్ షాపు. నలుగురు పనివాళ్లు. గుమ్మాలు, కిటికీలు, మంచాలు, అప్పుడప్పుడు కిచెన్ పని. కర్ర ఎక్కువగా టేకు, కొంత వేప. అక్కడి కోతబల్ల (బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చే మిషన్) కంపెనీది కాదు, వెల్డింగ్ షాపులో చేయించుకున్నది. చిన్న షాపుల్లో ఇలాంటివే ఎక్కువ కాబట్టి కొలతలన్నీ ఇస్తున్నాం.

ఇనుప యాంగ్లర్ (ఎల్ ఆకారపు పట్టీ) ఫ్రేము. పైన 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న 8 మి.మీ. ఇనుప ప్లేటు. ప్లేటు వెనక వైపు బందుల మీద ఉంటుంది, ముందున్న బోల్టు తిప్పితే లేస్తుంది, దిగుతుంది. బ్లేడు ఎత్తు మార్చుకోవడం అలాగే. కింద 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, 1440 ఆర్‌పీఎం. మోటారు పుల్లీ 8 అంగుళాలు, షాఫ్టు పుల్లీ 3 అంగుళాలు. అంటే బ్లేడు నిమిషానికి దాదాపు 3840 చుట్లు తిరుగుతుంది. బ్లేడు 12 అంగుళాలు (305 మి.మీ.), 60 పళ్లు, కార్బైడ్ మొనలు. గైడు (చెక్కను ఆనించి తిన్నగా నెట్టే అడ్డ) అంటే ఇక్కడ రెండు సీ-క్లాంపులతో బిగించిన యాంగ్లర్ ముక్క. బ్లేడు మీద కవరు లేదు, వెనక నైఫ్ (కోసిన సందును మూసుకుపోనివ్వని ఉక్కు రేకు) లేదు, అడ్డకోతకు, అంటే నారకు అడ్డంగా కోయడానికి, దారి చూపే గాడి లేదు. స్విచ్చు గోడ మీద ఉంది.

ఫిర్యాదులు మూడు. టేకు పట్టీల అంచులు నల్లగా మాడుతున్నాయి. మూడడుగుల పట్టీకి ఆ కొసకూ ఈ కొసకూ 1.5 మి.మీ. తేడా వస్తోంది. చెక్క వెనక్కి తన్నుతోంది. చివరిసారి రెండడుగుల ముక్క ఒకటి ఎగిరి వెనకున్న రేకు తలుపుకు సొట్ట పెట్టింది. మనిషికి తగలకపోవడం అదృష్టమే. షాపులో మూడింటికీ మూడు కారణాలు చెప్పుకుంటున్నారు: బ్లేడు నాసిరకం, కర్ర పచ్చిది, కుర్రాడికి ఇంకా చెయ్యి తిరగలేదు. మొదటి రెండింట్లో కొంత నిజం ఉంది. మూడోది నిజం కాదని డయల్ గేజ్ (సన్నని తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టాక తేలింది.

ముందు పన్ను, వెనక పన్ను

బ్లేడు ముందు భాగంలోని పళ్లు కిందికి దిగుతూ కోస్తాయి, చెక్కను బల్లకేసి నొక్కుతాయి. వెనక భాగంలోని పళ్లు కింది నుంచి పైకి లేచి, మనిషి వైపు తిరుగుతాయి. ఈ బల్లలో పన్ను మొన వేగం సెకనుకు 61 మీటర్లు, గంటకు 220 కిలోమీటర్లు. ముందు పళ్లు కోసేసిన చెక్క వెనక పళ్లను అసలు తాకకూడదు. తాకితే ఆ పళ్లు చెక్కను ఎత్తి, మనిషి మీదికే విసురుతాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటాం. కన్ను ఆర్పేలోపు అయిపోతుంది, చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. ముక్క ఎగరడం ఒక ప్రమాదం. దానితోపాటు, అప్పటిదాకా చెక్కను నెడుతున్న చెయ్యికి ఆధారం పోయి బ్లేడు మీదికే వెళ్లిపోవడం అంతకంటే పెద్ద ప్రమాదం.

చెక్క వెనక పళ్లను తాకడానికి దారులు నాలుగు. గైడు వెనక కొస బ్లేడు వైపు వాలి ఉండటం. కోసిన సందు తనంతట తానే మూసుకుపోవడం (సరిగ్గా ఆరని కర్రలో, లోపల బిగువున్న కర్రలో ఇది మామూలు). చెక్క అడుగు చదునుగా లేక ఊగడం. కోస్తూ కోస్తూ చెక్క గైడును వదిలి పక్కకు తిరగడం. పనివాడి చేతిలో ఉన్నది చివరిది ఒక్కటే, అది కూడా సగమే.

కోసిన ముఖం చెప్పిన సంగతులు

గేజ్ తీసే ముందు, ఆ వారం కోసిన పట్టీలు పది తీసుకుని వెలుతురుకు అడ్డంగా పెట్టి చూశాం. మంచి కోతలో పళ్ల గీతలు ఒకే వైపు వంగిన విల్లుల్లా ఉంటాయి. ఈ పట్టీల మీద రెండు వైపులా వంగిన గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టు కనిపించాయి. ముందు పళ్లు కోసినదాన్ని వెనక పళ్లు మళ్లీ గీరాయన్నమాట. మాడిన మరకలు గైడు వైపు ముక్కమీదే ఉన్నాయి, బయటి వైపు ముక్క మీద లేవు. దీన్నిబట్టి గైడు వెనక కొస బ్లేడుకు దగ్గరగా ఉందని చెప్పొచ్చు. బయటి ముక్క మీద మరకలుంటే గైడు వెనక కొస దూరం జరిగిందనుకోవాలి. రెండు వైపులా మాడితే బ్లేడు మొండిదైనా, పళ్లు ఎక్కువైనా, సందు మూసుకుపోతున్నా అయి ఉంటుంది.

ఇంకో గుర్తు: 1.3 మి.మీ.కి ఒకటి చొప్పున లోతైన గీత. నిమిషానికి 5 మీటర్ల చొప్పున నెడితే బ్లేడు ఒక చుట్టు తిరిగేలోపు చెక్క సరిగ్గా 1.3 మి.మీ. ముందుకు వస్తుంది. చుట్టుకో గీత పడుతోందంటే అరవై పళ్లలో ఒకటో రెండో మాత్రమే కోస్తున్నాయని అర్థం.

బ్లేడు, షాఫ్టు

విప్పి చూస్తే కారణం అక్కడే ఉంది. బ్లేడు రంధ్రం 30 మి.మీ., షాఫ్టు కొస 25.4 మి.మీ. మధ్య ఖాళీకి పలచటి రేకు చుట్టి బిగించారు. అంచు మీద డయల్ గేజ్ పెట్టి చేత్తో తిప్పితే 0.9 మి.మీ. ఎగుడుదిగుడు. పక్కకు ఊగడం ఇంకో 0.45 మి.మీ. దీనికి కారణం 60 మి.మీ. ఫ్లాంజి (బ్లేడును పక్క నుంచి బిగించి పట్టే గుండ్రటి బిళ్ల) ముఖం మీద వెల్డింగ్ బొట్టు.

లేత్ దగ్గర రెండు పనులు చేయించాం. బయట 30, లోపల 25.4 ఉన్న రింగు. దాని మందం 2 మి.మీ., బ్లేడు రేకు మందం 2.2 కంటే తక్కువ. రింగు బ్లేడు కంటే మందంగా ఉంటే ఫ్లాంజి బ్లేడును కాకుండా రింగును బిగిస్తుంది, అప్పుడు బ్లేడు జారుతుంది. రెండోది 80 మి.మీ. ఫ్లాంజిల జత, షాఫ్టు మీదే ఉంచి లేత్‌లో ముఖం చదును చేయించింది. ఫ్లాంజి వ్యాసం బ్లేడులో నాలుగో వంతుకు తగ్గకూడదు. తర్వాత అంచు ఎగుడుదిగుడు 0.1, పక్క ఊపు 0.12 మి.మీ.కి దిగాయి. వెల్డింగ్ షాపులో చేసిన మిషన్‌కు ఇంతకంటే ఆశించనక్కర్లేదు.

బ్లేడు నాసిరకమన్న మాటలో నిజం కొంతే. ఆ బ్లేడు మంచిదే, కాకపోతే ఈ పనికి కాదు. 60 పళ్లతో నిలువు కోత (నార వెంబడి) కోస్తే, పైన చెప్పిన వేగంలో పన్ను ఒక్కోటి 0.02 మి.మీ. పొర మాత్రమే తీస్తుంది. అంత సన్నపొరను పన్ను కోయలేదు, రుద్దుతుంది. రుద్దితే వేడి, వేడికి మాడు. 24 పళ్ల బ్లేడులో అదే పొర 0.054 మి.మీ. పొట్టు పిండిలా కాకుండా చిన్న చిన్న రేకులుగా వస్తుంది, వేడి దానితోపాటే బయటికి పోతుంది. కాబట్టి నార వెంబడి కోతకు 24 పళ్లది కొనిపించి, 60 పళ్లదాన్ని అడ్డకోతకూ ప్లైవుడ్‌కూ ఉంచాం. రెండింటి కోత వెడల్పు 3.2, రేకు 2.2 ఉండేట్టు చూసి కొన్నాం. కారణం నైఫ్ దగ్గర తెలుస్తుంది. కొనేటప్పుడు బ్లేడు మీద ముద్రించిన గరిష్ఠ వేగం మీ పుల్లీ లెక్క కంటే ఎక్కువుందో లేదో చూసుకోవాలి. వేగం కోసం మోటారు పుల్లీ పెద్దది వేసేవాళ్లు ఈ ముద్ర చదవరు.

టేకులో సిలికా ఉంటుంది, పళ్లు తొందరగా అరుగుతాయి. కూల్చిన పాత మండువా ఇళ్ల దూలాలు కోసే షాపుల్లో దానికి మేకులు తోడు. దూలం నలువైపులా గట్టి అయస్కాంతం తిప్పకుండా బ్లేడు దగ్గరికి తీసుకురాకూడదు. ఊడిన కార్బైడ్ మొన ఎటు పోతుందో చెప్పలేం, కళ్లద్దాలు అందుకే.

బల్ల మీద ఒక ప్లైవుడ్ పొర

ఇనుప ప్లేటు వెల్డింగ్ వేడికి మధ్యలో 1.5 మి.మీ. గుంట పడింది. బ్లేడు చుట్టూ సందు 25 మి.మీ., సన్నపట్టీ కోస్తే అందులోకే జారిపోతుంది. అడ్డకోతకు గాడి లేదు కాబట్టి ముక్కను గైడుకు ఆనించి చేత్తోనే అడ్డంగా నెడుతున్నారు. కోతబల్ల మీద చేయగల పనుల్లో ఇంతకంటే చెడ్డది లేదు. వెడల్పు తక్కువున్న అంచు గైడుకు ఆనినప్పుడు చెక్క తిరక్కుండా పట్టేది ఏదీ ఉండదు.

ఈ మూడింటికీ ఒకే మందు వేశాం: సెంట్రింగ్‌కు వాడే 12 మి.మీ. ఫిల్మ్ ప్లైవుడ్. నాలుగు ముక్కలుగా కోసి ప్లేటు మీద పరిచాం. ఎడమ ముక్క, 20 మి.మీ. ఖాళీ, లోపలి ఎడమ ముక్క, బ్లేడు ఉండే చోట మార్చుకోగలిగే 100 మి.మీ. పట్టీ, తర్వాత కుడి ముక్క. ఆ 20 మి.మీ. ఖాళీయే గాడి. రెడీమేడ్ మైటర్ గేజ్ (గాడిలో జారుతూ చెక్కను కోణంలో పట్టే పట్టీ) కొనేవాళ్లు గాడిని 19 మి.మీ. పెట్టుకోవాలి, వాటి పట్టీ ముప్పావు అంగుళం. ఇక్కడ బజార్లో సులువుగా దొరికే 20×10 బ్రైట్ బార్ (నున్నటి ఇనుప పట్టీ) వాడాలనుకున్నాం కాబట్టి 20. గుంట ఉన్నచోట ప్లైవుడ్ కింద రేకు ముక్కలు పెట్టి, పైన ఇనుప రూళ్లకర్ర ఆనించి, 0.2 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పలచటి రేకు) దూరనంత వరకూ సరిచేశాం. పొర వల్ల కోత లోతు 100 నుంచి 88 మి.మీ.కి తగ్గింది. మూడంగుళాల గుమ్మం కర్రకు అది చాలు.

బిగించే పద్ధతిలోనే అసలు లాభం ఉంది. కంపెనీ బల్లల్లో గాడి ముందే ఉంటుంది, దానికి సమాంతరంగా షాఫ్టును జరపాలి, గంటలు పడుతుంది. ఇక్కడ బ్లేడు ఉన్నచోటే ఉంటుంది, గాడినే దానికి సమాంతరంగా తేవచ్చు. అందుకే ప్లేటులో ఎం6 మరలు కోయించి, ప్లైవుడ్ రంధ్రాలు 8 మి.మీ. పెట్టి, 5 మి.మీ. లోతున వాషర్ కూర్చునే గుంట చేశాం. మరలు సడలిస్తే ముక్క అటూ ఇటూ ఒక మి.మీ. కదులుతుంది. దీనికి ముందు బందుల్లో లూజు తీయాలి. ఈ బల్ల బందుల పిన్నులు అరిగి ప్లేటు పక్కకు 0.8 మి.మీ. ఊగుతోంది. కొత్త పిన్నులు వేసి, ముందు వైపు రెండు లాక్ బోల్టులు పెట్టాం. ఎత్తు మార్చిన ప్రతిసారీ ఆ రెండూ బిగించాలి.

సమాంతరం చూసే తీరు ఇది. మెయిన్ ఆపి, ప్లగ్గు పీకేయాలి. బ్లేడు పూర్తిగా పైకి తేలేట్టు బల్ల దించాలి. ఒక పన్నుకు స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టాలి. గాడిలో బ్రైట్ బార్, దాని మీద చెక్క, చెక్కకు డయల్ గేజ్. గుర్తున్న పన్నును ముందుకు తెచ్చి, దాని పక్కనే రేకు మీద కొలిచి సున్నా పెట్టాలి. బ్లేడు తిప్పి అదే పన్నును వెనక్కి తీసుకెళ్లి మళ్లీ అదే చోట కొలవాలి. ఒకే పన్ను ఎందుకంటే, బ్లేడు వంపు లెక్కలోకి రాకుండా ఉండటానికి. తేడా 0.1 మి.మీ. లోపు ఉండాలి. ఇక్కడ మొదట 0.6 వచ్చింది, లోపలి ముక్కను సుత్తి పిడితో మెల్లగా తట్టుతూ 0.06కి తెచ్చాం. తర్వాత ఎడమ ముక్కను దానికి సమానంగా జరిపాం.

డయల్ గేజ్ లేకపోతే చెక్కకు ఒక ఇత్తడి మర బిగించి, దాని తలకూ బ్లేడుకూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవొచ్చు. బండి మెకానిక్ ట్యాపెట్లు చూసుకునే గేజే చాలు.

మధ్య పట్టీలో బ్లేడు సందును బ్లేడుతోనే కోశాం: పట్టీ మీద అడ్డంగా ఒక చెక్క క్లాంపు చేసి, మోటారు వేసి, బల్లను మెల్లగా దించడం. సందు సరిగ్గా కోత వెడల్పే వస్తుంది. ప్లైవుడ్ అడుగున పెచ్చులు లేవడం దాదాపు ఆగిపోయింది.

గైడు

పాత యాంగ్లర్ గైడుకు గేజ్ పెడితే వెనక కొస బ్లేడు వైపు 1.4 మి.మీ. వాలి ఉంది. 60 మి.మీ. ఎత్తున బ్లేడు ముందు పన్నుకూ వెనక పన్నుకూ మధ్య దూరం 240 మి.మీ. ఆ కొద్ది దూరంలో అంత వాలు. చెక్క వెళ్లేకొద్దీ గైడుకూ బ్లేడుకూ మధ్య ఇరుక్కుంటుంది. కొందరు ముందు క్లాంపు గట్టిగా, వెనక క్లాంపు అరకొరగా బిగిస్తారు. అప్పుడు చెక్క ఒత్తిడికి వెనక కొస జరుగుతుంది, చెక్కకు ఆధారం పోయి అది తిరుగుతుంది. 1.5 మి.మీ. తేడా వచ్చింది అక్కడే.

కొత్తది టీ ఆకారం. ముందు వైపు బల్లకు బిగించిన 40 మి.మీ. యాంగ్లర్ పట్టా మీద 50×50 చదరపు ట్యూబు జారుతుంది, దానికి లంబంగా 75×40 అల్యూమినియం సెక్షన్ నాలుగు బోల్టులతో. ఒక ఎం12 పిడి బోల్టుతో బిగుస్తుంది. సెక్షన్ దుకాణంలో కొనేటప్పుడు రెండు పట్టీలు ఎదురెదురు పెట్టి వెలుతురు చూసి, తిన్ననిది ఎంచుకోవాలి. గాడి నుంచి గేజ్‌తో కొలిచి, వెనక కొసను బ్లేడు నుంచి 0.05 నుంచి 0.1 మి.మీ. దూరం ఉండేట్టు పెట్టాం. సరిసమానంగా పెట్టాలనే వాళ్లున్నారు. ఇంటి తయారీ గైడు ఎంతో కొంత కదులుతుంది. కదిలితే లోపలికి కాకుండా బయటికే కదలాలి.

టేకు, వేప కోసేటప్పుడు గైడుకు ఇంకో ముఖం బిగిస్తాం: 18 మి.మీ. ప్లైవుడ్, పొడవు బ్లేడు ముందు పళ్లు దాటి రెండంగుళాల వరకే. ఆ తర్వాత చెక్కకు పక్కన ఖాళీ ఉంటుంది. లోపలి బిగువు వదిలి పట్టీ వంగితే, గైడుకు కొట్టుకుని బ్లేడు మీదికి రాకుండా ఆ ఖాళీలోకి పోతుంది. ప్లైవుడ్ షీట్లకు ఇది తీసేసి పూర్తి పొడవు గైడు వాడాలి.

నైఫ్

రైవింగ్ నైఫ్ అంటే బ్లేడు వెనకే, బ్లేడుతో ఒకే గీతలో నిలబడే ఉక్కు రేకు. కోసిన సందును మూసుకుపోనివ్వదు, చెక్కను వెనక పళ్ల మీదికి తిరగనివ్వదు. ఇన్ని భాగాల్లో ఒక్కటే పెట్టుకోగలం అంటే ఇదే పెట్టాలి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం, కరెంటుతో నడిచే షాపులో పదిమంది ఉంటే యంత్రాలకు రక్షణ ఉండాలనేది. నలుగురున్న షాపును అడిగేవాళ్లు లేరు కాబట్టి చేసేవాళ్లూ పెట్టరు, కొనేవాళ్లూ అడగరు.

మందం ముఖ్యం. బ్లేడు రేకు కంటే ఎక్కువ, కోత వెడల్పు కంటే తక్కువ. మాది 2.2, 3.2 మధ్య, కాబట్టి 2.5 మి.మీ. ఉక్కు రేకు. రెండు బ్లేడ్లకూ ఒకే కొలత ఎంచింది ఇందుకే. సన్న కోత బ్లేడు (2.4 లాంటిది) వేస్తే ఈ నైఫ్ చెక్కను ఆపేస్తుంది, అప్పుడు పనివాడు ఇంకా గట్టిగా నెడతాడు. లోపలి వంపు వ్యాసార్థం 157 మి.మీ., అంటే పళ్లకూ నైఫ్‌కూ మధ్య దాదాపు 5 మి.మీ. ఈ సందు 3 నుంచి 8 మి.మీ. మధ్య ఉండాలి. ముందు అంచును రెండు వైపులా ఆకురాయితో వాలు తీసి నున్నగా చేశాం.

ఎక్కడ బిగించాలన్నది ఇంకో సంగతి. ప్లేటుకు బిగిస్తే బల్ల లేచినప్పుడల్లా బ్లేడుతో దూరం మారుతుంది. అందుకే బేరింగులున్న ఫ్రేముకు 10 మి.మీ. మందం బ్రాకెట్ వెల్డ్ చేసి, రెండు ఎం10 బోల్టులతో బిగించాం. బల్ల ఎటు కదిలినా నైఫ్, బ్లేడు విడిపోవు. ఇనుప స్కేలును బ్లేడు రేకుకు ఆనించి వెనక్కి చాపితే నైఫ్ అటు 0.15, ఇటు 0.15 మి.మీ. సమానంగా పొడుచుకు రావాలి. ఒక పక్కకే ఉంటే చెక్కను గైడు నుంచి తోసేస్తుంది.

మొదట నైఫ్ పై కొసను బ్లేడు కంటే 6 మి.మీ. ఎత్తు పెట్టాం, కవరు దానికే తగిలించవచ్చని. అది పొరపాటు. పలకకు గాడి తీయాలంటే నైఫ్ విప్పాలి. విప్పారు, పది రోజుల తర్వాత వెళ్లి చూస్తే అది మేకుకు వేలాడుతోంది. కోసి, బ్లేడు కొస కంటే 2 మి.మీ. కిందికి తగ్గించాం. ఇప్పుడు గాడి పనికీ అడ్డు రాదు, విప్పే పనే లేదు. కవరును విడిగా, బల్ల పక్క నుంచి వంచిన పైపు చేతికి తగిలించాం. కవరుకు 4 మి.మీ. పాలికార్బొనేట్ వాడాలి, అక్రిలిక్ దెబ్బకు పగిలి పెంకులవుతుంది.

స్విచ్చు

కోత మధ్యలో కరెంటు పోయింది. చెక్క బ్లేడులో ఉండగానే మనిషి చెయ్యి పెట్టి ముక్క తీస్తున్నాడు. కరెంటు వచ్చింది. గోడ స్విచ్చు ఆన్‌లోనే ఉంది.

దీనికి డీఓఎల్ (డైరెక్ట్ ఆన్ లైన్) స్టార్టరు చాలు. కరెంటు పోగానే లోపలి కాంటాక్టర్ పడిపోతుంది, తిరిగి వచ్చినా పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు. పొలాల్లో బోరు మోటార్లకు వాడేదే, కానీ కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. కాయిల్ 230 వోల్టులది అడగాలి, త్రీఫేజ్ స్టార్టర్లలో సాధారణంగా 415ది వస్తుంది. ఓవర్‌లోడ్ రిలే (భారం ఎక్కువైతే మోటారును ఆపే భాగం)లో మూడు పోళ్లలోంచీ కరెంటు వరసగా వెళ్లేట్టు కలపాలి, లేకపోతే కారణం లేకుండా ట్రిప్ అవుతుంది. రిలేను మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్లకు పెట్టాలి. ఇక రైతులు కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆన్ కావాలని పెట్టుకునే ఆటో స్టార్టరును కోతబల్ల దరిదాపుల్లోకి రానివ్వకూడదు.

స్టార్టరును బల్ల ముందు కాలికి ఎడమవైపు, మోకాలి ఎత్తున బిగించాం. ఎర్ర బటన్ మీద బందుతో వేలాడే 6 అంగుళాల ప్లైవుడ్ రెక్క. రెండు చేతులూ చెక్క మీద ఉండగానే మోకాలితో నొక్కి ఆపొచ్చు. ఆపాక బ్లేడు పూర్తిగా నిలబడటానికి ఈ బల్లలో 25 సెకన్లు పడుతుంది, ఆ లోపు పొట్టు ఊడ్చడం కూడా వద్దు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు), ఎర్త్ వైరు ఎలాగూ ఉండాలి. బెల్టుకు రేకు కవరు వేశాం.

అడ్డకోత స్లెడ్డు, ఐదు కోతల లెక్క

స్లెడ్డు అంటే చెక్కను మోస్తూ గాడి వెంట జారే పలక. గాడిలో జారే బ్రైట్ బార్ మీద 12 మి.మీ. ప్లైవుడ్ పలక, దాని మీద మనిషి వైపు అంచున 75 మి.మీ. ఎత్తు టేకు అడ్డపట్టీ. పట్టీ కుడి కొసకు ఒక మర (తిరిగే కీలు), ఎడమ కొసకు సవరించే మర, రెండింటి మధ్య 500 మి.మీ. బ్లేడు బయటికి వచ్చే చోట పట్టీ వెనక ఒక చెక్క దిమ్మె అతికించాలి, బొటనవేలు అటు పోకుండా.

మూలమట్టంతో చూస్తే సరిగ్గానే కనిపిస్తుంది, కానీ మూలమట్టానికి అంత సూక్ష్మం దొరకదు. 400 మి.మీ. చదరపు ప్లైవుడ్ ముక్క తీసుకుని, ఇప్పుడే కోసిన అంచును పట్టీకి ఆనించి తిప్పుకుంటూ నాలుగు పక్కలా కోయాలి. ఐదోసారి మొదటి పక్కనే 20 మి.మీ. పట్టీగా కోయాలి. నాలుగు తప్పులూ ఆ పట్టీలో పోగవుతాయి. మొదటిసారి ఒక కొస 20.0, ఇంకో కొస 20.8 వచ్చింది. తేడా 0.8, నాలుగుతో భాగిస్తే 400 మి.మీ.కి 0.2. కీలు నుంచి సవరణ మర 500 మి.మీ. దూరం కాబట్టి అక్కడ 0.25 మి.మీ. కదపాలి. పట్టీ కొస పక్కన ఒక దిమ్మె క్లాంపు చేసి, మధ్యలో 0.25 ఫీలర్ పెట్టి, ఫీలర్ తీసి పట్టీని దిమ్మెకు ఆనించి బిగించాం. ఎటు కదపాలో తప్పుగా ఊహిస్తే రెండోసారి తేడా రెట్టింపవుతుంది, అదీ ఒక జవాబే. రెండో ప్రయత్నంలో తేడా 0.1, అంటే 400కి 0.025 మి.మీ. చాలు.

స్లెడ్డుతో కోసేటప్పుడు పొడవు కొలతకు గైడును ఆసరా చేసుకోకూడదు. తెగిన ముక్క గైడుకూ బ్లేడుకూ మధ్య బందీ అవుతుంది. గైడుకు బ్లేడు ముందే ఒక దిమ్మె క్లాంపు చేసి, కొలత దానికి ఆనించి, కోత మొదలయ్యేసరికి ముక్క దిమ్మెను దాటిపోవాలి.

కోసే తీరు

మూడడుగుల టేకు పలకను 40 మి.మీ. పట్టీలుగా కోయడం తీసుకుందాం. ముందు ఒక ముఖం, ఒక అంచు చిత్రిక పట్టి ఉండాలి. బల్ల మీద పెట్టి నాలుగు మూలలా నొక్కి చూస్తే ఊగకూడదు, ఊగితే అది బ్లేడు దగ్గరికి పోకూడదు. బ్లేడు పన్ను చెక్క పైకి 5 మి.మీ. తేలితే చాలు. బ్లేడు గీతకు ఎడమ పక్కన నిలబడాలి, తన్నిన చెక్క బ్లేడు గీత వెంటే, గైడు పక్కగా వస్తుంది. ఎడమ చెయ్యి బ్లేడుకు ముందే ఆగిపోవాలి, అది చెక్కను గైడుకు ఒత్తడానికి మాత్రమే. బ్లేడు దాటి ఎడమ చేత్తో ఒత్తితే కోసిన సందును మనమే మూసినట్టు. కుడి చేత్తో మొదట నెట్టి, చివరి ఒక అడుగు తోపుడు చెక్కతో, నైఫ్ దాటేదాకా ఆపకుండా నెట్టాలి. మధ్యలో ఆపినచోటే మాడుతుంది.

తోపుడు చెక్కకు 18 మి.మీ. ప్లైవుడ్, 300 మి.మీ. పొడవు, కింద చెప్పులా చదునుగా, వెనక 6 మి.మీ. మడమ. చెక్కను ముందుకూ కిందికీ రెండింటికీ పడుతుంది. సన్న కర్ర మొనతో వెనక నుంచి పొడిస్తే చెక్క ముందు భాగం లేస్తుంది. గైడుకూ బ్లేడుకూ మధ్య 150 మి.మీ. కంటే తక్కువుంటే ఇది తప్పనిసరి. ఒక అడుగు కంటే పొట్టి ముక్కను నిలువుగా కోయకూడదు. 10 మి.మీ. బీడింగులు గైడు వైపు కాకుండా బయటి వైపు పడేట్టు కోయాలి, ప్రతి కోతకూ గైడు జరుపుకోవాలి. ఏడడుగుల గుమ్మం కర్రకు బల్ల వెనక స్టాండు కావాలి, ఎత్తు బల్ల కంటే 2 మి.మీ. తక్కువ.

చెక్క ఇరుక్కుని మోటారు మూలిగితే వెనక్కి లాగొద్దు. రెండు చేతులతో బల్లకు ఒత్తి పట్టుకుని, మోకాలితో ఆపాలి.

చేతులకు గ్లౌజులు వద్దు, పన్ను గ్లౌజును పడితే చెయ్యిని కూడా లాక్కుపోతుంది. లుంగీ, భుజం మీద తువ్వాలు, మణికట్టుకు కట్టిన దారాలు కూడా అంతే. పొట్టుకు ఎన్95 మాస్కు, చెవులకు ప్లగ్గులు.

నాలుగు నెలల తర్వాత

మూడడుగుల పట్టీలు వెర్నియర్‌తో కొలిస్తే ఆ కొసకూ ఈ కొసకూ 0.1 మి.మీ. తేడా. గీతలు ఒకే వైపు. మాడు దాదాపు లేదు. ఒక లాటులో మాత్రం మళ్లీ వచ్చింది, బ్లేడుకు టేకు జిగురు పట్టి. గోరువెచ్చని నీళ్లలో చాకలి సోడా కలిపి, అరగంట నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో రుద్దితే పోయింది. కాస్టిక్ సోడా వాడకూడదు. తన్నడం లేదు. ఒకసారి సరిగ్గా ఆరని వేప పలకలో సందు మూసుకుపోయి నైఫ్‌ను బిగపట్టుకుంది, మోటారు ఆగింది, ఓవర్‌లోడ్ రిలే పడింది. అదే చెక్క పాత బల్ల మీద అయితే ఎగిరేది.

ఇబ్బంది వచ్చింది వానాకాలంలో. ప్లైవుడ్ కోసిన అంచులకు ఏమీ పూయలేదు, మధ్య పట్టీ అంచు తేమకు అర మి.మీ. ఉబ్బి గట్టులా లేచింది. చెక్క ముందు అంచు దానికి తగిలి ఆగుతోంది, పనివాళ్లు చెక్కను కొంచెం ఎత్తి దాటిస్తున్నారు. బ్లేడు ముందు చెక్కను ఎత్తడం ఎంత మాత్రం సరికాదు. అన్ని ముక్కలూ విప్పి, అంచులకు రెండు కోట్లు పీయూ (పాలియురెథేన్ వార్నిష్) పూసి, పై అంచులన్నీ 1 మి.మీ. వాలు తీసి మళ్లీ బిగించాం. ముక్కలు విప్పాం కాబట్టి గాడి సమాంతరం, ఐదు కోతల లెక్క రెండూ మొదటి నుంచి మళ్లీ చూడాల్సి వచ్చింది. మధ్యాహ్నం దాకా పట్టింది.